ఎందుకు, ఎందువల్ల: జంతువుల నడవడిపై పిల్లల బొమ్మల పుస్తకాలు

డ్యూయీ దశాంశ వర్గీకరణలో 590 జంతుశాస్త్రానికి కేటాయించిన సంఖ్య. అందులో 591.5 జంతువుల ప్రవర్తనకు, 595.7 కీటకాలకు, 598 పక్షులకు, 599 క్షీరదాలకు చెందుతాయి. అమెరికాలో ఈ వర్గీకరణను పాటించే గ్రంథాలయాల పిల్లల విభాగంలో ఈ సంఖ్యలున్న అరల ముందు నిలబడితే పలుచని, వెడల్పాటి బొమ్మల పుస్తకాలు వరసగా కనిపిస్తాయి. ముప్ఫై నుంచి యాభై లోపు పేజీలు, పేజీకి నాలుగైదు వాక్యాలు, పేజీ నిండా బొమ్మ. వాటిలో మాట్లాడే నక్క ఉండదు, చొక్కా తొడుక్కున్న ఎలుగుబంటి ఉండదు. నిజమైన జంతువు, అది నిజంగా చేసే పని, ఆ పనికి చెప్పే కారణం. ఈ మూడే ఆ పుస్తకాల సరుకు.

ప్రవాసాంధ్రుల ఇళ్ళలోకి ఈ పుస్తకాలు సంచుల కొద్దీ వస్తాయి, మూడు వారాల్లో తిరిగి వెళ్ళిపోతాయి. వాటి పక్కనే, వెనక్కి ఇవ్వనక్కరలేని మరో దొంతర ఉంటుంది: పంచతంత్రం, తెనాలి రామకృష్ణ కథలు, నీతి కథలు. ఇవి ఇండియా నుంచి పెట్టెల్లో వచ్చినవి. రెండు దొంతరలలోనూ జంతువులున్నాయి. అయితే పని విభజన స్పష్టంగా ఉంది. తెలుగులో జంతువు నీతి చెబుతుంది. ఇంగ్లీషులో జంతువు తన బతుకు తాను బతుకుతుంది. ఈ విభజనను పెద్దలు గమనించకపోవచ్చు గాని, రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు దాన్నుంచి ఒక నిర్ధారణకు రావడానికి ఎంతో కాలం పట్టదు: లోకం ఎలా ఉందో తెలుసుకోవడానికి ఒక భాష, పెద్దలు ఏం చెప్పదలచుకున్నారో వినడానికి మరొకటి అని.

కనుక ఈ పుస్తకాలను కేవలం సమాచారపు పొట్లాలుగా కాక, సాహిత్యంగా చదివి చూడటం అవసరం. అవి ఏ ప్రశ్న అడుగుతాయి? ఏ జవాబుతో తృప్తిపడతాయి? జంతువును ఏ సర్వనామంతో పిలుస్తాయి? ఈ మూడు ప్రశ్నలతో అమెరికాలో బాగా పేరు పొందిన కొన్ని పుస్తకాలను పరిశీలించి, అక్కడి నుంచి తెలుగు వైపు చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఒక పాత తగాదా

జంతువుల గురించి ‘నిజం’ రాయడం అనే ఆదర్శం అమెరికాలో ఒక పెద్ద తగాదాలోంచి రాటుదేలింది. 1898లో ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్ రాసిన ‘వైల్డ్ ఎనిమల్స్ ఐ హావ్ నోన్’ విపరీతంగా అమ్ముడుపోయింది. తోడేళ్ళకూ కుందేళ్ళకూ జీవితచరిత్రలు రాయవచ్చునని, అవి పాఠకులను ఏడిపించగలవని ఆ పుస్తకం నిరూపించింది. ఆ దారిలో మరికొందరు వచ్చారు. వారిలో విలియం లాంగ్ అనే రచయిత మరింత ముందుకుపోయి, ఉల్లంకి కుటుంబానికి చెందిన వుడ్‌కాక్ అనే పక్షి విరిగిన తన కాలికి బంకమట్టితో, గడ్డిపోచలతో తానే కట్టు కట్టుకున్నదని రాశాడు. 1903లో జాన్ బరోస్ ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో ఈ ధోరణిని తూర్పారబట్టాడు. నాలుగేళ్ళ తరవాత, 1907లో, సాక్షాత్తు అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆ వివాదంలో దిగి, ఇలాంటి రచయితలకు ‘నేచర్ ఫేకర్లు’ అన్న ముద్ర వేశాడు.

ఆ వివాదానికి ముందే, 1894లో, బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు లాయిడ్ మోర్గన్ ఒక సూత్రం ప్రతిపాదించాడు: ఒక జంతువు చేసిన పనిని తక్కువ స్థాయి మానసిక శక్తితో వివరించగలిగినప్పుడు, దానికి ఎక్కువ స్థాయి శక్తిని అంటగట్టరాదు. ఈ జాగ్రత్త ఇరవయ్యవ శతాబ్దపు శాస్త్రాన్ని చాలాకాలం పాలించింది. తరవాత అదే జాగ్రత్త శ్రుతి మించిందన్న విమర్శ కూడా వచ్చింది. మనుషులకూ తక్కిన జంతువులకూ నిజంగా ఉన్న పోలికలను సైతం చూడ నిరాకరించే తీరుకు ఫ్రాన్స్ డి వాల్ అనే ప్రైమేట్ల పరిశోధకుడు ‘ఆంత్రొపోడినయల్’ అని పేరు పెట్టాడు.

పిల్లల పుస్తకం ఈ రెండు గోతుల మధ్య నడవాలి. జంతువుకు మనిషి మనసు తొడిగితే అబద్ధమవుతుంది. మనసే లేని యంత్రంలా చూపితే అదీ అబద్ధమే, పైగా పిల్లవాడు పేజీ తిప్పడు.

2. తోక ఎందుకు?

స్టీవ్ జెన్కిన్స్, రాబిన్ పేజ్ దంపతులు కలిసి చేసిన ‘వాట్ డు యు డు విత్ ఎ టెయిల్ లైక్ దిస్?’ 2003లో వచ్చింది. మరుసటి ఏడాది కాల్డెకాట్ హానర్ పొందింది. కాగితపు ముక్కలు కత్తిరించి అతికించే పద్ధతిలో జెన్కిన్స్ సాధించిన నైపుణ్యం ఈ పుస్తకంలో పరాకాష్ఠకు చేరింది. నార కాగితం ఏనుగు చర్మమవుతుంది, చారల కాగితం ఇంకొకదాని బొచ్చవుతుంది.

పుస్తకం కట్టుబడి చాలా సరళం. ఒక పేజీలో ఐదు జంతువుల ముక్కులు మాత్రమే కనిపిస్తాయి. వాటితో ఏం చేస్తారన్న ప్రశ్న ఉంటుంది. పేజీ తిప్పితే జంతువులు పూర్తిగా ప్రత్యక్షమై, ఒక్కొక్క వాక్యంలో జవాబు దొరుకుతుంది. తరవాత చెవులు, తోకలు, కళ్ళు, పాదాలు, నోళ్ళు. కీచురాయి మోకాళ్ళతో వింటుంది. ఒక రకం కొమ్ముల తొండ కళ్ళలోంచి నెత్తురు చిమ్ముతుంది. బల్లి తోక తెంచుకుని పారిపోతుంది.

ఈ కట్టుబడిలో ఉన్న గొప్పతనం పేజీ తిప్పడానికి ముందు పిల్లవాడికి దొరికే ఆ కొద్ది క్షణాలది. అవయవం మాత్రమే చూసి, దాని ఆకారం నుంచి పనిని ఊహించాలి. ఊహ తప్పు కావచ్చు. తప్పితే ఇంకా బాగుంటుంది. ఏ జంతువూ మంచిది కాదు, చెడ్డదీ కాదు. తేలు తోకకు, జిరాఫీ తోకకు ఒకే మర్యాద.

అయితే ఈ పుస్తకం అడిగే ప్రశ్న ఒక్కటే అని గుర్తించాలి. 1963లో నికో టిన్‌బెర్గెన్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు జంతు ప్రవర్తనపై రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, ఒక ప్రవర్తనను చూసి ‘ఎందుకు’ అని అడిగినప్పుడు నిజానికి నాలుగు వేరు వేరు ప్రశ్నలు అడుగుతున్నామని తేల్చాడు. ఆ ప్రవర్తనను అప్పటికప్పుడు పుట్టించేది ఏది? అది ఆ జీవి మనుగడకు ఎలా పనికివస్తుంది? ఆ జీవి పుట్టి పెరిగే క్రమంలో అది ఎలా ఏర్పడుతుంది? పరిణామ చరిత్రలో అది ఎక్కడినుంచి వచ్చింది? పదేళ్ళ తరవాత కార్ల్ ఫాన్ ఫ్రిష్, కాన్రాడ్ లోరెంజ్‌లతో కలిసి ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆయన వేసిన ఆ నాలుగు ప్రశ్నలే ఈనాటికీ ఈ శాస్త్రానికి ప్రాథమిక పాఠం.

జెన్కిన్స్, పేజ్‌ల పుస్తకం ఇందులో రెండో ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుంది. అవయవం ఒక పనిముట్టు; పనిముట్టుకు ఒక ఉపయోగం. తెల్లటి వట్టి నేపథ్యం మీద జంతువును నిలబెట్టడం కూడా ఈ దృష్టికి తగినట్టే ఉంది: చుట్టూ అడవి లేదు, శత్రువు లేదు, తోటి జంతువు లేదు. బల్లినే తీసుకుంటే, తోక తెంచుకుని తప్పించుకుంటుందన్నది నిజం. ఆ తోక ఏ గుడ్డి బలానికో తెగదు. చాలా బల్లుల్లో వెన్నుపూసల్లోనే తెగడానికి వీలైన బలహీన స్థలాలు ముందుగానే ఏర్పడి ఉంటాయి. తెగిన తోక కాసేపు ఎగిరెగిరి పడటం వేటాడే జంతువు చూపును తన వైపు తిప్పుకోవడానికి పనికివస్తుంది. తిరిగి మొలిచే తోకలో ఎముకకు బదులు మృదులాస్థి ఉంటుంది. చాలా జాతుల్లో తోక కొవ్వు దాచుకునే గాదె కూడా కాబట్టి, తప్పించుకోవడానికి బల్లి చెల్లించే వెల తక్కువది కాదు. ఈ వెల అన్న భావన లేకపోతే జంతువులన్నీ ఏ ఇబ్బందీ లేని అద్భుత యంత్రాల్లా కనిపిస్తాయి. పుస్తకం చివర చిన్న అక్షరాల్లో ఇచ్చిన అనుబంధం ఒక్కొక్క జంతువు గురించి మరికొంత చెబుతుంది గాని, అది పెద్దవాళ్ళు చదివి పెడితే తప్ప పిల్లల చెవిన పడదు. ఈ ప్రక్రియలోని పుస్తకాలన్నిటిలోనూ ఈ రెండంతస్తుల ఏర్పాటు ఉంది: పై అంతస్తులో ఆశ్చర్యం, కింది అంతస్తులో మినహాయింపులు.

పై అంతస్తు ఎక్కడ ఇరుకవుతుందో జెన్కిన్స్ ఒక్కడే చేసిన ‘నెవర్ స్మైల్ ఎట్ ఎ మంకీ’ (2009) చూపిస్తుంది. అపాయకరమైన జంతువులతో చేయకూడని పనుల పట్టిక ఇది. రీసస్ కోతిని చూసి నవ్వితే, బయటపడ్డ పళ్ళను అది దాడికి సంకేతంగా తీసుకోవచ్చునని పుస్తకం హెచ్చరిక. పిల్లల క్షేమం కోసం ఇది మంచి సలహాయే. కాని రీసస్ కోతులు తమలో తాము పళ్ళు బయటపెట్టడాన్ని గమనించిన పరిశోధకులు చెప్పేది వేరు. చప్పుడు చేయకుండా పెదాలు వెనక్కి లాగి పళ్ళు చూపడం కింది స్థాయి కోతి పై స్థాయి కోతి ముందు లొంగుబాటు తెలిపే సంకేతం. బెదిరింపుకు వాడేది కళ్ళార్పకుండా చూస్తూ నోరు తెరిచే మరో ముఖకవళిక. అంటే ఆ పళ్ళకు అర్థం ఒకటే కాదు. ఎవరు, ఎవరికి, ఎలాంటి చూపుతో చూపారన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. ఈ మాటకు మరో రెండు వాక్యాలు చాలు. ఆ రెండు వాక్యాలు ఉంటే పిల్లవాడు భయంతో పాటు ఒక వ్యాకరణం కూడా నేర్చుకునేవాడు.

3. తీరిక లేని ఈగ

క్యాండేస్ ఫ్లెమింగ్ రాసి, ఎరిక్ రోమన్ బొమ్మలు వేసిన ‘హనీబీ: ద బిజీ లైఫ్ ఆఫ్ ఏపిస్ మెలిఫెరా’ (2020) దీనికి భిన్నమైన మార్గం పట్టింది. 2021లో పిల్లల కల్పనేతర రచనకు ఇచ్చే సైబర్ట్ పతకం దీనికి వచ్చింది. ఇక్కడ జంతువుల పట్టిక లేదు. ఒకే ఒక శ్రామిక ఈగ, పుట్టుక నుంచి చావు దాకా. దాని పేరు ఏపిస్. అంటే ప్రజాతి నామమే ఒక వ్యక్తి పేరుగా మారింది.

కథనానికి వెన్నెముక ఒక నిరీక్షణ. ఈగ మైనపు గదిలోంచి బయటపడుతుంది. ఇక ఎగురుతుందా? ఇంకా లేదు, ముందు గదులు శుభ్రం చేయాలి. ఇప్పుడైనా ఎగురుతుందా? లేదు, పిల్లపురుగులకు మేత పెట్టాలి. తరవాత రాణికి ఉపచారం, మైనంతో పట్టు కట్టడం, మకరందం అందుకుని నిల్వ చేయడం, ద్వారం దగ్గర కాపలా. ఈ వాయిదాలన్నీ అయ్యాక ఈగ ఎగిరినప్పుడు పేజీలు మడతలు విచ్చుకుని నాలుగింతలవుతాయి. అప్పటిదాకా పట్టులోని ఇరుకులో, చీకటిలో, ఈగ ఒంటి నూగు లెక్కపెట్టగలిగినంత దగ్గరగా ఉన్న చూపు ఒక్కసారి ఆరుబయటికి వస్తుంది. కొద్ది రోజుల సేకరణ తరవాత రెక్కలు అరిగి ఈగ చనిపోతుంది. జీవితమంతా కష్టపడి అది కూడబెట్టింది చెమ్చాలో పన్నెండో వంతు తేనె. అదే వేళ పట్టులో మరో ఈగ మూత కొరికి బయటికి వస్తుంది.

టిన్‌బెర్గెన్ మూడో ప్రశ్నను, అంటే పెరుగుదల క్రమంలో ప్రవర్తన ఎలా మారుతుందన్నదాన్ని, ఇంత చక్కగా కథకు ఎముకల గూడుగా వాడుకున్న పుస్తకం మరొకటి దొరకడం కష్టం. తేనెటీగలలో వయసును బట్టి పని మారడం శాస్త్రం ఏనాడో గమనించిన విషయం. దాన్ని సమాచారంగా చెప్పి ఊరుకోకుండా ఉత్కంఠగా మార్చడం ఫ్లెమింగ్ ప్రతిభ. చావును దాచకపోవడం, దాన్ని పుట్టుక పక్కన పెట్టడం కూడా మెచ్చుకోవలసినవే. ఎక్కడా ఈగ సంతోషించిందనీ, అలసిపోయి నిట్టూర్చిందనీ రచయిత్రి రాయలేదు. పాఠకుడికి కలిగే ఉద్వేగం పాఠకుడిదే.

ఇబ్బంది ఉపశీర్షికలోని ‘బిజీ’ దగ్గర ఉంది. మార్టిన్ లిండావర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు గుర్తుపెట్టిన ఈగలను గాజు పట్టులో ఉంచి ఓపికగా గమనించి, ఆ ఫలితాలు 1952లో ప్రకటించాడు. అందులో ఒక ఈగను 177 గంటల పాటు చూశాడు. ఆ సమయంలో దాదాపు ఐదింట రెండు వంతులు అది ఏ పనీ చేయలేదు. సుమారు మూడో వంతు పట్టులో అటూ ఇటూ తిరుగుతూ గదుల్లోకి తొంగిచూస్తూ గడిపింది. తీరిక లేని శ్రమకు వేల ఏళ్ళుగా ఉపమానమైన జీవి తన కాలంలో ఎక్కువ భాగం ఊరికే ఉన్నట్టో, ఊరికే తిరిగినట్టో కనిపించింది. అయితే ఆ తిరుగుడు వ్యర్థం కాదని కూడా ఆయనే గ్రహించాడు. ఎక్కడ ఏ పని అవసరమో ఈగకు తెలిసేది ఆ తిరుగుడు వల్లనే. ఎవరూ ఆజ్ఞ ఇవ్వని పట్టులో పని పంపకం జరిగే తీరు అది. పేరుకు ‘రాణి’ అయినా రాణి ఈగ ఎవరినీ పాలించదు; గుడ్లు పెడుతుంది. పనుల వరస కూడా రాతిలో చెక్కినది కాదు. తేనె తెచ్చే ఈగలు కరువైతే చిన్న వయసు ఈగలు ముందుగానే బయటి పనికి దిగుతాయి.

ఫ్లెమింగ్ పుస్తకం తప్పు చెప్పలేదు. ఆమె వర్ణించిన ప్రతి పనీ నిజం. విడిచిపెట్టినది విరామం. విడిచిపెట్టడానికి కారణం కథన సౌలభ్యం కొంత, తేనెటీగ అంటే శ్రమ అన్న పాత నీతి కొంత. పాత్రలు మాట్లాడటం మానేసినంత మాత్రాన నీతికథ పుస్తకంలోంచి వెళ్ళిపోదు. అది విశేషణాల్లో దాక్కుంటుంది.

4. కొలనులో రెండు పెంగ్విన్లు

నీతికథ దాక్కోవడం కాదు, ముందు వరసలో కూర్చున్న సందర్భం ‘అండ్ టాంగో మేక్స్ త్రీ’ (2005). జస్టిన్ రిచర్డ్‌సన్, పీటర్ పార్నెల్ రచన. హెన్రీ కోల్ బొమ్మలు. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ జూలో రాయ్, సైలో అనే రెండు మగ చిన్‌స్ట్రాప్ పెంగ్విన్లు జతకట్టి గూడు చేసుకున్నాయి. గుడ్డు లేక ఒక రాయిని పొదిగాయి. జూ సంరక్షకుడు వేరే జంట గుడ్డు ఒకటి తెచ్చి గూట్లో పెడితే వంతులవారీగా పొదిగి, పిల్లను పెంచాయి. ఇవన్నీ జరిగిన సంగతులు. 2006, 2007, 2008, 2010 సంవత్సరాల్లో అమెరికన్ గ్రంథాలయ సంఘం ప్రకటించిన, అభ్యంతరాలెక్కువ వచ్చిన పుస్తకాల జాబితాలో దీనిదే మొదటి స్థానం. దీన్ని కల్పన అరలోంచి కల్పనేతర అరలోకి మార్చిన గ్రంథాలయాలు కూడా ఉన్నాయి.

అభ్యంతరపెట్టినవారూ సమర్థించినవారూ ఒక విషయంలో ఏకీభవించారు: ఇది పెంగ్విన్ల గురించిన పుస్తకం కాదు, మనుషుల గురించినది అని. పుస్తకం కూడా అలా చదవడానికే అనువుగా రాయబడింది. రెండు పక్షుల మధ్య ఉన్నది ప్రేమేనని సంరక్షకుడి ఆలోచన ద్వారా చెప్పించింది. పుస్తకం వచ్చిన ఏడాదే సైలో ఒక ఆడ పెంగ్విన్‌తో జతకట్టిందని వార్తలొచ్చినప్పుడు, కొందరికి అది ఓటమిగా, మరికొందరికి విజయంగా తోచింది. పెంగ్విన్లు ఎవరి పక్షాన సాక్ష్యం చెప్పడానికీ రాలేదు. మనుషుల హక్కులు పెంగ్విన్ల ప్రవర్తనపై ఆధారపడి లేవు. ఆధారపడి ఉన్నాయనుకుంటే పిల్లలను చంపి తినే జంతువుల నుంచి కూడా పాఠాలు నేర్చుకోవలసి వస్తుంది.

ఈ గొడవలో కొట్టుకుపోయిన అసలు విషయం ఆ రాయి. పక్షి రాయినెందుకు పొదుగుతుంది? లోరెంజ్, టిన్‌బెర్గెన్ 1938లో ప్రచురించిన పరిశీలనలో, పొదిగే కాలంలో ఉన్న పెద్దబాతు గూటి పక్కకు దొర్లిన గుడ్డునే కాక, గుండ్రంగా ఉన్న ఇతర వస్తువులను కూడా ముక్కుతో జాగ్రత్తగా లోపలికి దొర్లించుకుంటుందని చూపారు. టిన్‌బెర్గెన్ మొదటి ప్రశ్నకు, ప్రవర్తనను రేకెత్తించేది ఏది అన్నదానికి, ఇదొక శాస్త్రీయ ఉదాహరణ. సెంట్రల్ పార్క్ కొలను పక్కన పిల్లవాడు నిజంగా అడగదగిన ప్రశ్న అదే. దానికి జవాబు వెతికినంత మాత్రాన రాయ్, సైలోల బంధం చిన్నబోదు. గుండ్రని రాయి ముందు నిలబడలేని ఒక ప్రేరణ, ఏళ్ళ తరబడి సాగిన ఒక సాహచర్యం ఒకే పక్షిలో ఉండగలవని చెప్పడం నీతి చెప్పడం కన్నా కష్టం, పిల్లలకు ఎక్కువ ఉపయోగం.

5. తెలుగు చూపు

తెలుగులో జంతువులంటే నీతికథలేనా? చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ 1853లో వెలువడినప్పటి నుంచి బడిపిల్లల వాచకాల్లో చిత్రగ్రీవుడు, హిరణ్యకుడు స్థిరపడ్డారు. అంతకు ముందూ పంచతంత్రానికి తెలుగులో చాలా చరిత్ర ఉంది. ఆ కథల్లో ఎలుక గురించి ఎలుకకు పనికివచ్చే సమాచారం ఏమీ లేదు. ఉండనవసరం కూడా లేదు, అవి రాజనీతి కథలు. ఇళ్ళలో బల్లిని చూసే చూపు కూడా ఇలాంటిదే. మాట మధ్యలో బల్లి పలికితే ఆ మాట సత్యమంటారు. ఒంటి మీద ఎక్కడ పడితే ఏ ఫలమో బల్లిశాస్త్రం చెబుతుంది. బల్లి పలికేది మరో బల్లి కోసం. శతాబ్దాలుగా దాన్ని మనకు వచ్చిన కబురుగానే వింటున్నాం.

కాని ఇది సంప్రదాయంలో ఒక పాయ మాత్రమే. కృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’ మొదటి ఆశ్వాసంలో విల్లిపుత్తూరు వర్ణనలో ఒక ప్రసిద్ధ పద్యం ఉంది. తెల్లవారుజామున కాలువల పక్కన బాతులు రెక్కల ఈకల్లో తలలు దూర్చి ముడుచుకుని నిద్రపోతుంటాయి. స్నానానికి వచ్చిన బ్రాహ్మణులు పిండి, మరిచిపోయిన బట్టల ఉండలనుకుని తలారులు వాటిని తీసి ఇచ్చేద్దామని దిగుతారు. బాతులు లేచిపోతాయి, వరిచేల కాపుకత్తెలు చూసి నవ్వుతారు. విమర్శకులు ఈ పద్యంలోని హాస్యాన్ని, భ్రాంతిమదలంకారాన్ని మెచ్చుకున్నారు. జంతు ప్రవర్తన వైపు నుంచి చూస్తే ఇది అయిదు వందల ఏళ్ళ కిందటి క్షేత్ర పరిశీలన. నిద్ర భంగిమ సరిగ్గా ఉంది. తల ఈకల్లో దాచుకోవడం వల్ల పక్షికి వేడి నష్టం తగ్గుతుంది. దగ్గరికి రానిచ్చి లేచిపోవడం సరిగ్గా ఉంది. గుంపు అంచున పడుకున్న బాతులు బయటి వైపు కన్ను తెరిచి, సగం మెదడుతో మాత్రమే నిద్రపోతాయని 1999లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. రాయలకు ఆ సంగతి తెలియకపోయినా తలారుల కన్నా బాతులే మెలకువగా ఉన్నాయని తెలుసు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ పద్యంలో తప్పు చూసినది మనుషులు. జంతువుకు మనిషి అర్థం తొడిగితే ఏమవుతుందో చూపి కవి నవ్వించాడు. బాతు ఏ నీతీ చెప్పలేదు.

చూపు ఉన్నప్పుడు భాష అడ్డం కాదు. పైగా ఈ ప్రక్రియకు తెలుగులో కొన్ని సదుపాయాలున్నాయి. ‘హనీబీ’ పుస్తకంలో ఈగను ‘షి’ అనాలా, ‘ఇట్’ అనాలా అన్నది రచయిత్రి తీసుకోవలసిన నిర్ణయం. ‘షి’ అన్న క్షణంలో ఈగ కొంత మనిషవుతుంది, ‘ఇట్’ అంటే కొంత వస్తువవుతుంది. తెలుగు వ్యాకరణంలో మహద్వాచకాలు, అమహద్వాచకాల విభజన ఈ చిక్కును వేరేగా పరిష్కరిస్తుంది. ఏకవచనంలో స్త్రీవాచకానికీ జంతువాచకానికీ క్రియ ఒకటే: అమ్మ వచ్చింది, ఈగ వచ్చింది. బహువచనంలో దారులు చీలతాయి: అమ్మలు వచ్చారు, ఈగలు వచ్చాయి. సర్వనామం లేకుండా క్రియతోనే వాక్యం నడపగలిగిన తెలుగులో ఒంటరి ఈగ కథ మొత్తం ‘ఆమె’ అనకుండా, ‘అది’ అనకుండా చెప్పవచ్చు. బయటికి వచ్చింది, గది తుడిచింది, మేత పెట్టింది, ఎగిరింది. ఈ క్రియలు ఈగవి కావచ్చు, ఇంట్లో ఒక మనిషివీ కావచ్చు. ఏది ఎంత పోలిక అన్నది పాఠకుడి నిర్ణయానికి వదిలేసే వీలు ఇందులో ఉంది. నీతికథ ఈ వీలును వాడుకోలేదు. మూషికాన్ని ‘హిరణ్యకుడు’ చేసి, డు-ప్రత్యయంతో ఏకంగా మహత్తులోకి ఎక్కించింది.

‘ఎందుకు’ అన్న మాట మరో సదుపాయం. ‘ఎందు’కు ‘కు’ చేరిన ఈ రూపం ప్రయోజనం వైపు మొగ్గుతుంది. కారణం కావాలంటే ‘ఎందువల్ల’ ఉంది. పద్ధతి కావాలంటే ‘ఎలా’, మూలం కావాలంటే ‘ఎక్కణ్ణుంచి’. బల్లి తోక ఎందుకు తెంచుకుంటుంది? ఎందువల్ల తెగుతుంది? మళ్ళీ ఎలా మొలుస్తుంది? ఈ విద్య బల్లులకు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంగ్లీషులో ఒకే ‘వై’ కింద కలిసిపోయి, విడదీయడానికి టిన్‌బెర్గెన్ వ్యాసం రాయవలసి వచ్చిన ప్రశ్నలు తెలుగులో విభక్తులతోనే సగం విడివడి ఉన్నాయి. శాస్త్రం భాషలో ముందే ఉందని దీని అర్థం కాదు. వ్యత్యాసాన్ని పిల్లలకు అందించడానికి కొత్త పరిభాష కల్పించనక్కరలేదని మాత్రమే అర్థం. ఘీంకారం, సకిలింపు, గాండ్రింపు, ఊళ, బుస, ఓండ్ర అని ఒక్కొక్క జంతువు గొంతుకు ఒక్కొక్క మాట; లేగ, గున్న, కూన, పెయ్య అని పిల్లలకు వేరు వేరు పేర్లు. ఈ పదాలిప్పుడు ‘ఇది దేని అరుపు?’ అన్న పరీక్ష ప్రశ్నల్లో మిగిలాయి. జంతువులు వాటితో ఏం చెప్పుకుంటాయో రాసే పుస్తకాల్లోకి రావలసినవి.

ఇంగ్లీషు పుస్తకాలను తెలుగులోకి తేవడం ఒక దారి. అంతకన్నా మంచి దారి, తెలుగు నేల మీది జంతువులతో మొదలుపెట్టడం. ఏపిస్ మెలిఫెరా అమెరికాకు పదిహేడో శతాబ్దంలో యూరపు వలసదారులతో పాటు ఓడల్లో వచ్చిన ఈగ. తెలుగు పల్లెల్లో మర్రికొమ్మలకూ కొండచరియలకూ నీళ్ళ ట్యాంకులకూ వేలాడే పెద్ద తేనెపట్టు ఏపిస్ డోర్సాటా అనే మరో జాతిది. దాని గూటికి గోడల్లేవు. ఈగలే ఒకదాని మీద ఒకటి తెరగా పరుచుకుని పట్టును కప్పి ఉంచుతాయి. కందిరీగ దగ్గరికి వస్తే వేలాది ఈగలు వరసగా పొట్టలు పైకెత్తి పట్టు మీద అలలు పుట్టిస్తాయి. ఆ అలకు శత్రువు వెనుదిరుగుతుంది. కాలాన్ని బట్టి మొత్తం పట్టు వలసపోతుంది. అలను మొదలుపెట్టేది ఏ ఈగ? పక్క ఈగకు ఎలా తెలుస్తుంది? మడతలు విప్పే పేజీ పెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు ఏ పుస్తకంలోనూ దొరకదు. అలాంటి పుస్తకం ఒకటి వస్తే, గ్రంథాలయం నుంచి వచ్చిన దొంతరలోని ఈగకూ, ఇండియా నుంచి వచ్చిన పెట్టెలోని ఈగకూ తేడాలేమిటని అడిగే పిల్లలకు రెండు భాషల్లోనూ జవాబు చెప్పే వీలు కలుగుతుంది.